స్టార్ట్ కాకముందు

"స్టార్ట్ అయినారా?"

తెల్లవారుజామున నాలుగూ ముప్పై అయిదుకు బస్సులో ఉన్న రోజారమణి ఫోనెత్తగానే వినిపించేది ఈ ఒక్క మాటే. పలకరింపు ఉండదు, పేరు పెట్టి పిలవడం ఉండదు. రొయ్యల కంపెనీ ఫ్లోరు మేనేజరు నరేంద్రబాబు నెల్లూరులో ఇంకా మంచం దిగకుండానే అడుగుతున్నాడని ఆ గొంతులో నిద్రమత్తే చెబుతుంది.

"స్టార్ట్ అయినాం సార్. ఇరవై రెండు మంది."

కంపెనీ బస్సు దిబ్బపాళెం దాటిందని అర్థం. స్టార్ట్ అంటే ఆ పల్లెలో ఎవరికైనా బయలుదేరడమే. పెళ్ళికి స్టార్ట్ అవుతారు, ఆసుపత్రికి స్టార్ట్ అవుతారు, మొగుడి మీద అలిగి పుట్టింటికి కూడా స్టార్ట్ అవుతారు. బస్సు కదిలాక వచ్చిన మనిషికి ఆ రోజు పని లేదు, ఆబ్సెంటు. ఓసారి చెప్పు తెగి, వాళ్ళతో పనిచేసే సామ్రాజ్యం నాలుగడుగులు వెనకబడింది. బస్సు వెనకే అరుచుకుంటూ పరిగెత్తింది, ఎక్కింది కూడా. అయినా నరేంద్రబాబు ఒప్పుకోలేదు. "స్టార్ట్ అంటే స్టార్టే" అని గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపాడు. అప్పట్నుంచీ బస్సెక్కినప్పుడల్లా సామ్రాజ్యం "స్టార్ట్ అంటే స్టార్టేనబ్బా" అని అతని గొంతుతో అని అందర్నీ నవ్విస్తుంది.

కంపెనీ లోపల ఇంకో స్టార్ట్ ఉంది. రొయ్యలు వలిచే హాల్లో గోడకు తెల్లబోర్డు వేలాడుతుంటుంది. దాని మీద రోజారమణి నీలం మార్కరుతో ఇంగ్లీషులో ఆ ఐదక్షరాలూ రాసి పక్కన టైము వేస్తుంది, వేసి ఫోటో తీసి కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. మొదటి క్రేటు రొయ్యల్ని స్టీలు బల్ల మీద కుమ్మరించిన నిమిషమే స్టార్ట్. పని లెక్క అక్కణ్ణుంచే. లారీ ఆరున్నరకు వస్తుంది కాబట్టి బోర్డు మీద ఎప్పుడూ ఆరూ నలభయ్యే ఉంటుంది. ఆడవాళ్ళు లోపల అడుగుపెట్టేది మాత్రం ఐదూ ఇరవైకి.

ఈ మధ్యలోని గంటా ఇరవై నిమిషాలూ వాళ్ళేమీ గోళ్ళు గిల్లుకుంటూ ఉండరు. గమ్‌బూట్లు తొడుక్కుని, ఒక్క వెంట్రుక బయటికి రాకుండా టోపీ బిగించుకుని, క్లోరిన్ నీళ్ళలో మోచేతుల దాకా ముంచి, బల్లలు కడిగి, క్రేట్లు పరిచి, ఐసు దిమ్మల్ని మిషన్లో వేసి పొడి చేసి, ఆ పొడిని క్రేట్లలో పోసి పెడతారు. దీనికి నరేంద్రబాబు పెట్టిన పేరు 'రెడీ'. "రెడీ వేరు, స్టార్ట్ వేరు" అంటాడు. ఒకే మాటకు బస్సు దగ్గర ఒక అర్థం, బోర్డు దగ్గర ఒక అర్థం. రెండర్థాలూ కంపెనీకే లాభిస్తున్నాయని తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. తెలిసీ ఎవరూ నోరెత్తలేదు. రోజారమణి అసలే ఎత్తలేదు.

ఆమెకు కారణముంది. అంతకుముందు ఆరేళ్ళు ఆమె కూడా బల్ల దగ్గర నిలబడి తలలు తుంచి, పొట్టు వలిచింది. ఐసునీళ్ళలో నాని నాని వేళ్ళు తెల్లగా ఉబ్బేవి, గోళ్ళ చుట్టూ పుండ్లు పడేవి. అన్నంలో పులుసు కలిపితే ప్రాణం పోయినట్టుండేది. ఇంటర్ పాసైన మనిషి కావాలని నరేంద్రబాబు అడిగినప్పుడు, ఆమెను ముందుకు తోసింది అదే బల్ల దగ్గర పనిచేసే పేరమ్మ. "మా రోజాకు వొచ్చు సార్ ఇంగ్లీసు" అని గట్టిగా చెప్పింది. మార్కరు చేతికొచ్చి తొమ్మిది నెలలైంది. గోళ్ళు మళ్ళీ మొలిచాయి. బొటనవేలి గోరు గులాబీరంగులో మెరుస్తుంటే రోజారమణి బస్సులో కూర్చుని దాన్నే చూసుకునేది.

ఆ మంగళవారం ఐసు మిషను దగ్గర ఉండవలసిన మనిషి రాలేదు. అతను రాక పది రోజులైంది. మిషను నోటికి ఉండవలసిన మూత ఊడి అంతకన్నా ఎక్కువే అయింది. పేరమ్మ తనంతట తానే ఆ పని నెత్తిన వేసుకుంది, ఎవరో ఒకరు చెయ్యాలి కాబట్టి. దిమ్మను గోనెసంచితో పట్టుకుని ఎత్తి మిషన్లో వేస్తుంది, కొయ్యతో అదుముతుంది, కింద గరగరమంటూ పొడి రాలుతుంది. యాభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, అయినా ఆమె దంచినంత సన్నంగా ఎవరూ దంచలేరు.

ఆరూ అయిదుకు కొయ్య విరిగింది. దిమ్మ సగంలో ఇరుక్కుంది. పేరమ్మ దాన్ని అరచేత్తో ఒక్క తోపు తోసింది.

అరుపు వినిపించలేదు. మిషను మోతలో ఏ అరుపూ వినిపించదు. కింద క్రేటులో ఐసు ఎర్రబడటం సామ్రాజ్యం చూసి స్విచ్చు కట్టేసింది. ఆ తర్వాత నిశ్శబ్దంలో పేరమ్మ గొంతు వచ్చింది. "అమ్మే, ఐసు పాడైపోయిందే" అంది ఆమె, చెయ్యి చూసుకోకుండా.

రోజారమణి తన ఏప్రాను విప్పి ఆ చేతికి చుట్టింది. కంపెనీ జీపు వచ్చేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జీపు వెళ్ళింది. ఎవరో హోసు పెట్టి నేల కడిగారు. ఎర్రబడిన ఐసును బయట పారబోశారు. లారీ వచ్చింది. మొదటి క్రేటు బల్ల మీద పడింది. రోజారమణి వెళ్ళి బోర్డు మీద స్టార్ట్ అని రాసి, ఆరూ నలభై అని వేసి, ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. చివరి అక్షరం కాస్త వంకర పోయింది, అంతే.

మధ్యాహ్నం నరేంద్రబాబు ఆమెను తన గదికి పిలిపించాడు. ఏసీ గది. తొమ్మిది నెలల్లో ఆ గడప దగ్గర నిలబడటమే గానీ లోపలికి రమ్మన్నది లేదు.

"కూర్చో రోజారమణీ" అన్నాడు.

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. బూట్లలో నీళ్ళు కదిలి చప్పుడైంది.

"నీ పేరు పైకి పంపినా. శుక్రవారం నుంచి లైను సూపర్వైజరువి. నువ్వు చదువుకున్నదానివి, నీకిది ఎప్పుడో రావాల్సింది." కాసేపు పెన్ను తిప్పాడు. "ఎల్లుండి విచారణకు ఆఫీసరు వస్తా ఉండాడు. పేరమ్మకు దెబ్బ తగిలింది పనిలోనా, పనికి ముందా అనేదే ఆయన అడిగేది. నిన్ను నేను అబద్ధం చెప్పమనడం లేదు. బోర్డు మీద ఏముంటే అది చెప్పు."

"అంటే ఆరూ నలభై..."

"నువ్వు రాసిందే గదా? ఫోటో కూడా ఉండాది. మిషను మూత సంగతి, పని తెలిసినోడు లేని సంగతీ ఇప్పుడు బయటికొస్తే పైవాళ్ళు ముందు నన్ను తీసేస్తారు. నాక్కూడా పెళ్ళాం బిడ్డలుండారు. పేరమ్మను నేను చూసుకుంటాలే, మనిషిగా."

అతను రాక్షసుడైతే రోజారమణికి ఆ రోజు కాస్త సులువయ్యేది. అతని కళ్ళలో నిజంగానే భయం ఉంది. పెద్దవాళ్ళు భయపడితే ఆ భయం కింద నలిగేది ఎప్పుడూ పేరమ్మలాంటి వాళ్ళ చేతులే, అది వేరే సంగతి.

బుధవారం సాయంత్రం ఆసుపత్రిలో పేరమ్మ మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. మధ్యలో మూడూ పోయాయి.

"బువ్వ తిన్నావా అత్తా?" అంది రోజారమణి. ఇద్దరికీ రక్తసంబంధం లేదు. పక్కపక్క ఇళ్ళు, పుట్టినప్పట్నుంచీ అత్తే.

"నర్సమ్మ తినిపించింది. నాకు సిగ్గయ్యిందమ్మే, చంటిబిడ్డకు పెట్టినట్టు." పేరమ్మ గొంతు తగ్గించింది. "తెగిన ఆ ఏళ్ళు యాడ పారేసినారే? ఐసుతో పాటు పారబోసినారా?"

రోజారమణి సంచిలో చెయ్యి పెట్టింది. తెచ్చిన బత్తాయి వలవసాగింది.

"పన్లో తగిలిన దెబ్బని కాగితంలో రాస్తే ఇంకో ఆపరేషన్ చేస్తారంట, నెలనెలా పింఛను గూడా వొస్తాదంట. నర్సమ్మే చెప్పింది. పన్లో కాదంటే కట్టు విప్పి ఇంటికి పొమ్మంటారంట." పేరమ్మ ఎడంచేత్తో రోజారమణి మోకాలు తట్టింది. "నాకేం దిగుల్లేదులే. రాసేదానివి నువ్వుండావు గదా."

బత్తాయి తొన పేరమ్మ నోట్లో పెట్టబోతున్న రోజారమణి చెయ్యి ఆగింది. ఇప్పుడే చెప్పేద్దామనుకుంది. మేనేజరు పిలిచినాడత్తా, ఇట్టా చెప్పమన్నాడత్తా అని. గులాబీరంగు బొటనవేలి గోరు ఆ తొన మీద కనిపించింది. ఏమీ చెప్పకుండా తొన నోట్లో పెట్టి, గింజలు తన అరచేతిలో ఉమ్మమంది.

గురువారం ప్యాకింగ్ గదిలో బల్ల వేశారు. విచారణాధికారి పెంచలకృష్ణ రిటైర్‌మెంటుకు దగ్గరపడిన మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు, వాటి కింద సిరా మరక. చెడ్డవాడిలా లేడు. నరేంద్రబాబు కిటికీ దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నట్టు ఉన్నాడు.

"భయపడొద్దమ్మా. మీరు రోజూ ఎన్ని గంటలకు స్టార్ట్ అవుతారు?"

"నాలుగూ ముప్పై అయిదుకి సార్" అంది రోజారమణి ఠక్కున.

పెంచలకృష్ణ తలెత్తాడు. కిటికీ దగ్గర నరేంద్రబాబు నవ్వాడు. "బస్సు స్టార్ట్ అయ్యేది చెప్తా ఉంది సార్. మనోళ్ళకు స్టార్ట్ అంటే ఇంట్లోంచి బయల్దేరేదే గదా."

"అవునవును" అని ఆఫీసరూ నవ్వాడు. "మా ఆవిడా అంతే. నేను ఆఫీసు మెట్ల మీదుంటానో లేదో, స్టార్ట్ అయినారా అంటది." రాసిన అంకెను అడ్డంగా కొట్టేశాడు. "పని స్టార్ట్ అయ్యేది చెప్పమ్మా."

ఆ గదిలో ఆ రోజు రోజారమణి చెప్పిన ఒకే ఒక్క నిజం అలా కొట్టివేతల్లో పోయింది.

"ఆరూ నలభై సార్."

"అది మీరే రాస్తారా? మంగళవారం కూడా మీరే రాశారా?"

"నేనే సార్."

"బస్సు ఐదుంబావుకే చేరుతుంది గదా. అప్పట్నుంచీ ఆరూ నలభై దాకా వీళ్ళంతా ఏం చేస్తుంటారు?"

ఈ ప్రశ్నకు నరేంద్రబాబు ఏమీ నేర్పలేదు. ఇది ఆమె సొంతంగా చెప్పవలసిన జవాబు. గోడ అవతల క్రేట్లు ఈడుస్తున్న చప్పుడు, సామ్రాజ్యం ఎవర్నో కేకలేస్తున్న గొంతు. రోజారమణి తన వేళ్ళకేసి చూసుకుంది. పదీ ఉన్నాయి.

"కూర్చోనుంటారు సార్" అంది.

పెంచలకృష్ణ రాసుకున్నాడు. ఆమె సంతకం చేసింది. గుండ్రటి అక్షరాలు, వంకర లేకుండా వచ్చాయి.

ఆ సాయంత్రం మూడో తరగతి చదివే కూతురు బిందు నోటుబుక్కు తెచ్చి ఒళ్ళో పెట్టింది. "అమ్మా, మిస్సు రైట్ కొట్టింది చూడు." ఇచ్చిన ఇంగ్లీషు మాటలకు అర్థం రాసి, సొంతంగా ఒక్కో వాక్యం రాయాలట. రెండో మాట స్టార్ట్. దాని పక్కన తెలుగులో 'మొదలుపెట్టుట' అని రాసింది. కింద వాక్యం బిందు వేలు పెట్టి చదివింది. "మై మదర్ స్టార్ట్స్ వర్క్ ఎట్ ఫైవ్ ఓ క్లాక్."

"ఐదుకని ఎవురు చెప్పినారే నీకు?"

"ఎవురు చెప్పాల? నువ్వు పోతావు గదా." బిందు విచిత్రంగా చూసింది. "తప్పా? మిస్సు రైట్ కొట్టిందే!"

"తప్పు కాదులే" అంది రోజారమణి. ఎనిమిదేళ్ళ పిల్లకు తెలిసిన మాట తనకు మధ్యాహ్నం నోటికి రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం బస్సులో నవ్వులు లేవు. సామ్రాజ్యం ఎక్కింది గానీ "స్టార్ట్ అంటే స్టార్టేనబ్బా" అనలేదు. రోజారమణి పక్క సీటు ఖాళీగా ఉంది. నిలబడే వాళ్ళున్నా ఎవరూ అందులో కూర్చోలేదు. ఫోను మోగింది.

"స్టార్ట్ అయినారా?"

"స్టార్ట్ అయినాం సార్. ఇరవై ఒక్క మంది."

గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెకు ఆకుపచ్చ తాడున్న కొత్త సూపర్వైజరు కార్డు ఇచ్చాడు. లోపలికి వచ్చేసరికి ఐదూ ఇరవై. ఆడవాళ్ళు బూట్లు తొడిగారు, టోపీలు బిగించారు, చేతులు ముంచారు. హాల్లోకి వచ్చారు. వచ్చి, గోడ వెంబడి వరసగా నేల మీద కూర్చున్నారు. ఇరవై మందీ, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

ముందు అలిసిపోయి కూర్చున్నారేమో అనుకుంది రోజారమణి. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. ఐసు దిమ్మలు గోనెసంచుల కింద చెమటలు పడుతున్నాయి. బల్లలు పొడిగా ఉన్నాయి.

"ఏందక్కా, లేయండి. క్రేట్లు పరవబళ్ళా?"

సామ్రాజ్యం తలెత్తింది. "నీ తర్వాత నిన్న నన్ను పిలిచినాడు ఆ ఆఫీసరు. మీరంతా కూర్చోనుంటారంట గదా అన్నాడు. కూర్చునేదానికి ఆడ ఏముండాది సార్, తడినేల తప్ప అన్నా. బోర్డు రాసే మనిషే చెప్పిందమ్మా అన్నాడు." కాళ్ళు చాపుకుంది. "నీ మాట అబద్ధం చెయ్యడం ఎందుకని కూర్చున్నాం. స్టార్ట్ అయినాక చెప్పు, లేస్తాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. అది సరదా నవ్వు కాదు. రోజారమణికి చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

ఆ రోజు ఎండలకు భయపడి చెరువుల వాళ్ళు లారీని ముందే పంపారు. ఆరు కొట్టకముందే వెనకతలుపు దగ్గర హారను మోగింది. డ్రైవరు దిగి, పైనున్న పెట్టె మూత తీసి చూసుకుని అరిచాడు. పెట్టెల్లో ఐసు కరిగి నీళ్ళయింది. రొయ్యల మీద మళ్ళీ ఐసు పడకపోతే అరగంటలో తలలు నల్లబడతాయి. నల్లబడిన రొయ్య ఎగుమతి పడవెక్కదు. ఇరవై మంది ఆడవాళ్ళకూ ఈ సంగతి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ చేతులు కొంకర్లు పోతున్నా పరిగెత్తింది అందుకే. ఇప్పుడు పరిగెత్తకుండా కూర్చోవడానికి వాళ్ళెంత బిగబట్టుకున్నారో ఒళ్ళో పెనవేసుకున్న వేళ్ళను చూస్తే తెలుస్తోంది.

డ్రైవరు కాబోలు మేనేజరుకు చెప్పాడు, రోజారమణి ఫోను మోగింది. నరేంద్రబాబు గొంతులో ఈసారి నిద్రమత్తు లేదు.

"ఏం చేస్తా ఉండారు ఆడ?"

"కూర్చోనుండారు సార్."

"ఏందీ?"

"స్టార్ట్ కాకముందు పని చెయ్యరంట సార్."

"ఎవరు చెప్పినారు అట్టా?"

"మీరే గదా సార్." రోజారమణి బోర్డు వైపు చూసింది. "నేనూ చెప్పినా."

అవతల నుంచి ఒక్కసారిగా అరుపు. "సరుకంతా పోతాది రోజారమణీ! స్టార్ట్ అని రాసి లేపు వాళ్ళని! ముందు ఐసు వెయ్యమను!"

"ఎంతని రాయమంటారు సార్?"

"ఏదో ఒకటి రాసి చావు!"

ఫోను పెట్టేశాడు. రోజారమణి బోర్డు దగ్గరికి వెళ్ళింది. మార్కరు మూత పళ్ళతో లాగింది. ఇంగ్లీషు అక్షరాలు ఐదూ రాసింది. రాసి, పక్కన ఐదూ ఇరవై అని వేసింది. అంకెలు అక్షరాలకు రెండింతల పెద్దవి. ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. తర్వాత గోడ వైపు చూడకుండానే ఐసు మిషను దగ్గరికి పోయి, గోనెసంచితో దిమ్మను ఎత్తి మిషన్లో వేసి స్విచ్చు నొక్కింది. కొత్తకొయ్య అక్కడే ఉంది. మూత మాత్రం ఇంకా పెట్టలేదు. కొయ్య చివర పట్టుకుని దూరంగా ఒరిగి అదిమింది. దిమ్మ అదురు ఆమె భుజాల దాకా పాకింది. పేరమ్మ రోజూ ఇంత బరువు అదిమేదా అనుకుంది.

వెనక బూట్ల చప్పుడు మొదలైంది. క్రేట్లు నేలకు తగిలాయి. నీళ్ళు బల్లల మీద పడ్డాయి. సామ్రాజ్యం వచ్చి మిషను కింద నిండిన క్రేటు లాగి ఖాళీది పెట్టింది.

ఏడుకు నరేంద్రబాబు వచ్చాడు. సరుకు దక్కింది. బోర్డు ముందు నిలబడి ఆ అంకెలు చూశాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి తుడిచాడు, చెయ్యి చాపి మార్కరు తీసుకున్నాడు, తనే రాశాడు. ఆరూ నలభై.

"ఐదక్షరాలు. ఎవరైనా రాస్తారు" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆ కార్డు వాచ్‌మన్‌కు ఇచ్చెయ్. బల్ల దగ్గరికి పో."

గ్రూపులో ఫోటో కూడా తీసేయించాడు. అయితే రోజారమణి ఫోన్లో ఉన్నది ఆమె ఫోన్లోనే ఉంది. ఆ రోజు సాయంత్రం దాకా బల్ల దగ్గర నిలబడి వలిచింది. తొమ్మిది నెలల సుఖానికి మెత్తబడిన వేళ్ళు గంటలోనే మండాయి. రొయ్య ముల్లు బొటనవేలి గోటి కింద దిగింది. సామ్రాజ్యం ఓరగా చూసి, తన ముందున్న చిన్నరొయ్యల కుప్పను తన వైపే లాక్కుని, పెద్దవి ఆమె ముందుకు తోసింది. పెద్దవి వలవడం సులువు.

శనివారం ఆమె బోర్డు ఫోటో పంపి పెంచలకృష్ణకు ఫోను చేసింది. తనకిచ్చిన విచారణ కాగితం మీద ఆయన నంబరు ఉంది. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"ఇది శుక్రవారం ఫోటో గదమ్మా. మంగళవారంది ఉందా?"

ఉంది. మంగళవారంది కూడా ఆమె ఫోన్లోనే ఉంది, చివరి అక్షరం వంకరగా. దాని మీద ఉన్నది ఆరూ నలభై.

"ఆ రోజుది నేను తప్పు రాసినా సార్. అన్ని రోజులూ తప్పే రాసినా."

"ఆ మాట మీ చేత్తో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. ముందు చెప్పింది ఎందుకు చెప్పారో కూడా రాయాలి. అది కంపెనీకి ఒక కాపీ పోతుంది. చూసుకోండి మరి. కేసు మళ్ళీ మొదట్నుంచి స్టార్ట్ చెయ్యాలి. నెగ్గుతుందని నేను చెప్పలేను."

పేరమ్మను శుక్రవారమే ఇంటికి పంపేశారు. పనిలో తగిలిన దెబ్బని కాగితం రాలేదు కాబట్టి. రోజారమణి వెళ్ళేసరికి ఆమె వసారాలో గోడకు ఆనుకుని, చేటలోని చిన్నఉల్లిపాయలు ఎడంచేత్తో వలవడానికి తంటాలు పడుతోంది. పట్టుకోవడానికి రెండో చెయ్యి లేక పాయ జారిపోతోంది. కాలి బొటనవేలితో అదిమి పెట్టి మళ్ళీ గిల్లుతోంది. రోజారమణిని చూసి తల తిప్పుకోలేదు. రమ్మనీ అనలేదు.

రోజారమణి గడప దగ్గరే నిలబడి ఉన్నదంతా చెప్పింది. ఏసీ గది, లైను సూపర్వైజరు కార్డు, విచారణ, బోర్డు, శుక్రవారం. ఒక్క ముక్క కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ పేరమ్మ అదే ఉల్లిపాయను గిల్లుతూ ఉంది.

"కూర్చోనుంటారన్నావా" అంది చివరికి.

"అన్నానత్తా."

"అబద్ధం ఏముండాదిలే. కూర్చోనే ఉండా గదా, ఇప్పుడు."

రోజారమణికి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఓదార్చవలసింది పేరమ్మే అవుతుందని ఆపుకుంది. బిందు నోటుబుక్కులోంచి చింపుకొచ్చిన కాగితం మడత విప్పి, గోడకు ఆనించి, నిలబడే రాయసాగింది. తెలుగులోనే రాసింది. బొటనవేలు వాచి ఉండటంతో అక్షరాలు గుండ్రంగా రాలేదు.

"చదువు" అంది పేరమ్మ.

"మంగళవారం ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలకు పని మొదలైంది."

"దానంతట అదే మొదలయ్యిందా?"

రోజారమణి ఆమె వైపు చూసింది. ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాసింది. చదివింది. "మంగళవారం ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలకు పేరమ్మ, మేమందరమూ పని మొదలుపెట్టాము. పేరమ్మ ఐసు దంచింది. నేను చూశాను. కూర్చుని ఉంటారని నేను చెప్పింది అబద్ధం. సూపర్వైజరు ఉద్యోగం కోసం చెప్పాను."

పేరమ్మ వింటూ తల ఊపింది. రాయడం అయ్యేదాకా ఆగింది. సంతకం పెట్టేదాకా ఆగింది.

"ఇది పోయినాక నిన్ను రానిస్తారా అమ్మే బస్సులోకి?"

"రానీరత్తా."

పేరమ్మ చేటను ఎడంచేత్తో పక్కకు నెట్టింది. కట్టు ఉన్న చేతిని ఒళ్ళోకి తీసుకుని, ఆ వసారాలో ఒక మనిషికి చోటుండేలా గోడవారగా జరిగింది.

"అట్టయితే రా" అంది. "కూర్చో."